కోరపన్నుకు కొత్త అంటు

నూజివీడులో పళ్ళ డాక్టరంటే మామిడితోటలకు మందు కొట్టే మనిషనుకుని ఫోన్లు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి పళ్ళ ఊళ్ళో పళ్ళాసుపత్రి పెట్టిన డాక్టర్ కీర్తిప్రియ రెండేళ్ళలో చాలా నోళ్ళు చూసింది గానీ, అంటు కట్టిన పన్నును చూడటం మాత్రం అదే మొదలు.

దశరథరామయ్యగారి పై కోరపన్ను ఇంప్లాంటు, దవడ ఎముకలో దించి పెట్టిన కట్టుడుపన్ను. నాలుగేళ్ళ కిందట వేరే ఊళ్ళో వేయించుకున్నారు. అది కదులుతోందని మనవడు సుభాష్, తన నర్సరీలో మామిడి మొక్కలకు అంటు కట్టే ప్లాస్టిక్ పట్టీ తెచ్చి, పక్కపన్నుతో కలిపి నాలుగు చుట్లు చుట్టి, ముడి వేసి మరీ ముసునూరు నుంచి తాతను తీసుకొచ్చాడు.

“ఇది ఎవరు కట్టారండీ?” అంది కీర్తిప్రియ, పట్టీ కత్తిరిస్తూ.

“నేనేనండి. నేను కడితే వందకు తొంభై అయిదు బతుకుతాయి.”

“ఇక్కడ చిగురు రాదండి. చిగుళ్ళు వాస్తాయి.”

సిగ్గుపడాల్సిన మాట. సుభాష్‌కు మాత్రం లోపలెక్కడో నిజంగానే చిగురు వేసింది.

పన్ను లోపలి స్క్రూ ఆమె బిగించి పంపింది. పదహారు రోజులకు మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించింది. మళ్ళీ వదులైంది. మొదటిసారి మట్టికాళ్ళతో వచ్చిన సుభాష్ రెండోసారి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు, మూడోసారి సెంటుతో వచ్చాడు. ముందు గదిలో పేర్లు రాసుకునే రేవతి, జబ్బు తాతకా మనవడికా అని మేడాన్ని అడిగింది కూడా.

నాలుగోసారి వచ్చేసరికి బయట ఈదురుగాలి. ముసునూరులో ఎవరి తోటలో ఎన్ని కాయలు రాలుతున్నాయోనని అందరూ గుండె పట్టుకుని కూర్చుంటే, ఇతను మాత్రం పెళ్ళికొచ్చినట్టు నవ్వుతూ దిగాడు. కీర్తిప్రియ పన్ను చూసింది. పైన సన్నటి గీతలు. తర్వాత ఆ నవ్వు చూసింది.

“సుభాష్‌గారూ, ఒక మాట అడుగుతాను. స్క్రూ మీరే వదులు చేస్తున్నారా? మీ అంటుకత్తితో?”

నవ్వు ఠక్కున ఆగిపోయింది. అప్పుడు కుర్చీలోంచి తాతే లేచి నేరం ఒప్పుకున్నారు. కాయ కోతకొచ్చిందో లేదో అందరూ కత్తితో కోసి టెంక ముదిరిందా అని చూస్తారు. ఆయన కొరికి చెబుతారు, ఇప్పుడూ ఈ పన్నుతోనే. యాభై ఏళ్ళుగా ముసునూరు నుంచి చాట్రాయి దాకా ఆయన కోర దిగితేనే తోట కోత. వాడిని అనుమానించకు తల్లీ, వాడికి పన్ను కట్టడమే వచ్చు, పీకడం రాదు అన్నారు.

కీర్తిప్రియ మొహం ఎర్రబడింది. క్షమించమంది. తర్వాత ఎక్స్‌రే తెరమీద పెట్టింది. తప్పు ఆయన కొరుకుడిది మాత్రమే కాదని, ఇంప్లాంటూ పన్నూ కలిసే కీలు అమరికదీ ఉందని చెప్పింది. పాత ఇంప్లాంటు నెత్తి చదునుగా ఉంది. పైన బిగించే పన్ను దాని మీద టోపీలా కూర్చుంటుంది. పక్కనుంచి బలం పడినప్పుడల్లా బరువంతా ఆ చిన్న స్క్రూ మోయాలి. వెంట్రుకవాసి ఊగినా సందు తెరుచుకుంటుంది, సందులో క్రిములు చేరతాయి, చుట్టూ ఎముక కరుగుతుంది. కొత్త రకంలో పైముక్క అడుగు కోసుగా ఉండి ఇంప్లాంటు లోపలికే బిగువుగా దిగుతుంది. గోడను గోడ పట్టుకుంటుంది.

“మా చీలిక అంటులాగా,” అన్నాడు సుభాష్ తనకు తెలియకుండానే. “కొమ్మను పక్కన ఆనించి కడితే గాలికి విరుగుతుందండి. మేకులా చెక్కి చీలికలో దింపితే నిలుస్తుంది.”

“అంతే. పాతది తీసి, ఎముక మానాక కొత్తది దించాలి. ఏడాది దాకా పట్టొచ్చు. మధ్యలో కొరకడాలు బంద్. లేదా ఇలాగే నెలనెలా బిగించుకుంటూ పోవచ్చు, ఎముక ఉన్నన్నాళ్ళు.”

దశరథరామయ్యగారు మనవడి వైపు తిరిగారు. “ఏమంటావురా? బిగించుకుంటూ పోదామా? నెలకోసారి ఊరు చూసినట్టుంటుంది.”

ముసలాయనకు కోరపన్ను వదులే గానీ బుర్ర వదులు కాదు. సుభాష్ లెక్క వేసుకున్నాడు. బిగించమంటే నెలనెలా ఆమె ఎదురుగా కూర్చోవచ్చు. మార్చమంటే పన్ను నిలుస్తుంది, రాకపోకలు ఆగుతాయి. ఎక్స్‌రేలో కరిగిన ఎముకను ఇంకోసారి చూశాడు.

“మార్చేయండి డాక్టరుగారూ,” అన్నాడు.

ఊరగాయల రోజుల్లో పాతది తీసింది. వానలు వెనకబట్టాక కొత్తది దించింది. ఎముక దాన్ని పట్టుకునేదాకా ఆగి, తోటలన్నీ పూత మీదుండగా పైపన్ను బిగించింది. పరికరంతో అటూ ఇటూ నెట్టి చూస్తే అణువంత కూడా కదల్లేదు. ఏ కీలూ శాశ్వతం కాదు, శుభ్రంగా ఉంచుకోవాలి అని హెచ్చరించినా వినకుండా తాత ఆటోస్టాండులో తన కోర ప్రదర్శించడానికి కిందికి దిగిపోయారు.

సుభాష్ లేవలేదు.

“ఇక ఏడాదికోసారి వస్తే చాలు,” అంది కీర్తిప్రియ, గ్లవ్స్ తీస్తూ. “తాతగారు బస్సెక్కి ఒక్కరే రాగలరు.”

“తెలుసండి. మార్చమన్న రోజే తెలుసు. నాకు మళ్ళీ రావడానికి సాకు లేదు. అందుకే ఉన్నమాటే అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

ఆమె గ్లవ్స్ బుట్టలో వేసింది. చేతులు కడుక్కుంది. తీరిగ్గా తుడుచుకుంది. సుభాష్‌కు ఆ కాసేపట్లో ముప్పై రెండు పళ్ళూ వదులైపోయాయి.

“ఆ రోజు మీరు బిగించమని ఉంటే బిగించేదాన్నే,” అంది. “మిమ్మల్ని మాత్రం తర్వాత గుమ్మం లోపలికి రానిచ్చేదాన్ని కాదు. మీరేమంటారా అని ఆ రోజు నాకూ దడ పుట్టింది.”

“అంటే…”

ఆమె తలుపు దగ్గరికెళ్ళి, ఈయనకు ఆదివారం పదింటికి రాయమని రేవతితో చెప్పింది.

ఆదివారం క్లినిక్ సెలవు కదా మేడం అంది రేవతి.

“క్లినిక్‌కు సెలవే,” అంది కీర్తిప్రియ. “ఇంటి దగ్గర అమ్మా నాన్నా ఉంటారు.”