కొత్త ఫ్రేముకి పాత షాక్

"దీనికి యాక్సిడెంట్ అయిందా?"

సైకిళ్ళ షాపులో అడుగుపెడుతూనే ఎవరూ అడగని ప్రశ్న అది. చెయిన్‌కి నూనె వేస్తున్న షాపతను తలెత్తి చూశాడు. కొక్కేనికి వేలాడుతున్న ఆకుపచ్చ ఫ్రేము మీద వేలితో టకటకా కొట్టి, చెవి ఆనించి వింటోంది ఒకమ్మాయి.

"కాలేదండీ. నిన్ననే పెట్టెలోంచి తీశాను."

"అందరూ అలాగే అంటారు."

ఆమెను అని లాభం లేదు. గుద్దుకున్న కార్లను చూసి ఇన్సూరెన్సు కంపెనీకి రిపోర్టు రాయడం ఆమె ఉద్యోగం. ఆగి ఉన్న తమ కారుని చెట్టు వచ్చి గుద్దిందని చెప్పినవాళ్ళను కూడా ఆమె చూసింది. ఆఫీసులో అందరూ ఆమెను ఎక్స్‌రే అంటారు. ఆ చూపు తల్లి పోలిక. వాళ్ళమ్మ రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి.

ఆదివారాలు మాత్రం ఎక్స్‌రే ఊరి బయట కొండ మీద సైకిలు తొక్కుతుంది. ఉన్న సైకిలుకి కుదుపు ఆపే ఏర్పాటు ముందు చక్రానికే. రాళ్ళ మీద దిగుతుంటే వెనక చక్రం ఎగిరెగిరి పడి నడుము పట్టేస్తోంది. అందుకే వెనక కూడా షాక్ అబ్జార్బర్ ఉన్న ఫుల్ సస్పెన్షన్ ఫ్రేము కొని, పాత సైకిలు చక్రాలూ హ్యాండిలూ దానికి మార్పించుకుందామని వచ్చింది.

"ఈ ఆకుపచ్చది కావాలి."

"అది మీకొద్దండీ."

"ఏం?"

"అది పెద్ద పెద్ద బండల మీంచి దూకేవాళ్ళది. మన కొండ ఎక్కేటప్పుడు దాన్ని లాగలేక నన్ను తిట్టుకుంటారు. ఈ బూడిదరంగుది తీసుకోండి. తేలిక. ధర కూడా తక్కువ."

ఎక్స్‌రే కళ్ళు చిన్నవయ్యాయి. తక్కువ ధరది అంటగట్టే షాపువాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇందులో ఏదో మతలబు ఉంది.

"మీ బరువెంతండీ?" అన్నాడతను.

"ఏమన్నారు?"

"షాక్‌లో గాలి ఎంత కొట్టాలో దాన్నిబట్టే..."

"అంచనా వేసుకోండి."

"వద్దులెండి. తక్కువంటే నమ్మరు, ఎక్కువంటే కొడతారు."

ఆమెకి నవ్వొచ్చింది. దాన్ని దాచుకోవడానికి వంగి వెల్డింగు పరీక్షిస్తున్నట్టు నటించింది.

మాటలతో తేలేలా లేదని, ఆదివారం రెండు రకాల సైకిళ్ళూ కొండ దగ్గరికి తెస్తానన్నాడతను. ఆకుపచ్చ రకం స్నేహితుణ్ణి అడిగి తెచ్చాడు. బూడిదరంగుది అతని సొంతం.

ఆకుపచ్చదాని మీద సగం కొండ ఎక్కేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. బూడిదరంగుది ఎక్కాక కొండే వంగి దారి ఇచ్చినట్టనిపించింది. దిగేటప్పుడు నడుముకి ఒక్క దెబ్బ తగల్లేదు.

"ఎలా ఉంది?"

"మీకు ఈ కంపెనీవాళ్ళు ఏమైనా ఇస్తారా?"

"టోపీ ఇచ్చారండీ. లూజు. పెట్టుకోను."

"ఒక్కసారి తొక్కితే తెలియదు. వచ్చే ఆదివారం మళ్ళీ చూస్తాను."

మరుసటి ఆదివారం సైజు మీద అనుమానం వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం సీటు ఎత్తు మీద వచ్చింది. ఆ రోజు కొండ మీద వాన పట్టుకుంది. ఇద్దరూ ఒక బండ చాటుకి పరిగెత్తారు. ఆమె తల తుడుచుకుంటూ పక్కకి తిరిగేసరికి అతను తననే చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నారు?"

"చెయిన్‌కి బురద పట్టిందేమోనని."

"చెయిన్ అటుంది."

అతను అటు తిరిగాడు. చెవులు మాత్రం ఎర్రగా ఇటే ఉన్నాయి. కొండ దిగాక ఆమె తన సైజులో బూడిదరంగు ఫ్రేముకి డబ్బు కట్టి ఆర్డరిచ్చింది.

అక్కడినుంచి మొదలైంది అసలు తంటా. ఎప్పుడు ఫోన్ చేసినా, "ఇంకా రాలేదండీ" అనేవాడు. ఆ "రాలేదు"కి ముందు చిన్న తడబాటు. అలాంటి తడబాట్లు పట్టుకునే ఆమె జీతం తీసుకుంటోంది. ఒక సాయంత్రం చెప్పకుండా షాపుకి వెళ్ళి, నేరుగా వెనక గదిలోకి నడిచింది. పొడవాటి పెట్టె ఒకటి గోడకి ఆనించి ఉంది. దాని మీద ఆమె ఫోన్ నంబరు. చీటీ మీది తేదీ ప్రకారం పార్సిల్ చేరి అప్పటికే వారం దాటింది.

"అబద్ధం చెప్పారు."

"చెప్పానండీ. కానీ..."

"ఆ కానీలు నేను రోజూ వింటాను!"

అతను ఏదో అంటూ వెంటపడ్డాడు. ఆమె వినలేదు. పెట్టెను కారు వెనక సీట్లోకి తోసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

దారిలో కళ్ళు మండాయి. పగలంతా ఎందరో అబద్ధాలు చెబుతారు, ఆమె రాసుకుని మరిచిపోతుంది. ఇతనిది మాత్రం ఎంత తోసేసినా పోవడం లేదు. ఎందుకో ఆలోచించబుద్ధి కాలేదు.

ఇంట్లో పెట్టె విప్పింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఫ్రేము కొత్తదే. మరి ఈ షాకేంటే, ఇన్ని గీతలున్నాయి? ఎవరిదో పాతది పెట్టి నీకు కొత్తదని ఇచ్చాడు! పద."

అమ్మకి కోపమొస్తే బయట వాన పడుతున్నా గొడుగు గుర్తుండదు. ఇద్దరూ తడుస్తూ షాపులోకి వెళ్ళారు. ఫ్రేమూ, పాత సైకిలూ కూడా వెంట తెచ్చారు.

"ఇది ఎవరి షాకు?" అంది ఎక్స్‌రే.

"నాదండీ."

"అంటే?"

"ఫ్రేము వచ్చినరోజే చూశాను. దాంతో వచ్చిన షాక్ నూనె కారుతోంది. కంపెనీకి వెనక్కి పంపాను. వాళ్ళు రేపు రేపంటున్నారు. మీకు ఈ ఆదివారం పెద్ద రైడ్ ఉందన్నారుగా. అందుకని నా సైకిలుది విప్పి దీనికి బిగించాను. చెబుదామనుకునేలోపు పెట్టె లాక్కుని వెళ్ళిపోయారు."

గోడకి అతని సైకిలు వేలాడుతోంది. నడుములో ముక్క లేక వెనక చక్రం కిందికి జారిపోయి ఉంది.

"ఆ కంపెనీ నంబరివ్వు బాబూ" అంది అమ్మ. ఫోన్ స్పీకర్లో పెట్టి అడిగింది. అటువైపు మనిషి ఉస్సురన్నాడు. "అమ్మా, దయచేసి ఆయన్ని రోజూ ఫోన్ చెయ్యొద్దని చెప్పండి. ఎల్లుండికి కొత్త షాక్ పంపిస్తున్నాం."

అమ్మ ఫోన్ తిరిగిచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఊఁ, బిగించు. నేను చూస్తుంటాను."

వాన ఆగేలోపు చక్రాలూ, హ్యాండిలూ, పెడళ్ళూ కొత్త ఫ్రేముకి చేరాయి. ఇక మిగిలింది గాలి సరిచెయ్యడం. ఆమె కాళ్ళు ఎత్తి సీటు మీద కూర్చోవాలి, షాక్ ఎంత కుంగిందో కొలవాలి. పడిపోకుండా అతను ఎదురుగా నిలబడి హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

"షాక్ కారుతోందని ఆ రోజే చెప్పొచ్చుగా?" ఆమె గొంతులో ఇందాకటి కరుకు లేదు.

"చెబితే ఆర్డరు రద్దు చేసి వేరే షాపుకి వెళ్ళిపోతారనుకున్నాను."

"పోతే? పోయేది ఒక కస్టమరేగా."

అతను హ్యాండిలు మీద పట్టు సరిచేసుకున్నాడు.

"ఇంకేదో దాస్తున్నారు."

"మీరు దిగాక చెబుతాను."

"దిగను. ఇప్పుడే చెప్పండి."

హ్యాండిలు వదిలితే ఆమె పడుతుంది. వదలకపోతే తప్పించుకునే దారి లేదు. అతను తప్పదన్నట్టు కళ్ళెత్తాడు. "మీరు రాని ఆదివారం ఆ కొండ మొహం చూడబుద్ధి కాదు నాకు. మీరంటే ఇష్టం. అబద్ధం ఆ భయంతోనే చెప్పాను. అయినా తప్పే."

ఆమె అలవాటు కొద్దీ అతని కళ్ళలోకి సూటిగా చూసింది, ఎక్కడ తడబడతాడో అని. తడబాటు లేదు. ముందు వాలింది ఆమె చూపే.

"ఇంకెప్పుడూ అలా దాచొద్దు. కారితే కారుతోందని చెప్పండి. కోప్పడతాను, కానీ పోను."

"సరేనండీ."

"నేనూ ఒకటి చెప్పాలి. నాకు బూడిదరంగుది మొదటి ఆదివారమే నచ్చింది. సైజూ నచ్చింది. సీటూ నచ్చింది."

"మరి మిగతా రెండు ఆదివారాలు..."

అర్థమయ్యేసరికి అతని చేతులు హ్యాండిలు వదిలేశాయి. సైకిలు ఒరిగింది. ఆమెను పట్టుకోబోయి అతనూ పడ్డాడు. కొత్త ఫ్రేము ఇద్దరి మీదా పడింది. వెనక చక్రం గాల్లో గిర్రున తిరుగుతోంది.

అమ్మ స్టూలు మీంచి లేవలేదు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తీరిగ్గా తుడుచుకుంటూ, "అబ్బాయ్, రేపు భోజనానికి ఇంటికి రా. మిగతావి అక్కడ మాట్లాడుకుందాం" అంది. "ముందు ఆ సైకిలు లేపండి. గీతలు పడతాయి."

ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.