గడ్డం మీద మచ్చ

“పది గంటల బులెటిన్‌తో మీ అక్క దేశద్రోహి అయిపోతుంది,” అన్నాడు చీఫ్, టేబుల్ మీదికి ఓ ఫోటో తోస్తూ.

గోడ గడియారంలో తొమ్మిదీ ఐదు. ఫోటోలో హార్బర్ ఇంజనీరైన అక్క, ఓ విదేశీ ముఠా నాయకుడి చేతిలోంచి సూట్‌కేసు అందుకుంటోంది. ఆ ముఠా ఓడల్లో ఆయుధాలు దింపుతోందని కనిపెట్టింది ఆవిడే. పదకొండుకి విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పాల్సిందీ ఆవిడే. ఈ బొమ్మ టీవీలో పడ్డాక ఆవిడ మాట ఎవడు నమ్ముతాడు?

“టెలికాస్ట్ ఆపేద్దాం సార్.”

“ఆపితే నిజం దాచామంటారు. లైవ్‌లోనే బద్దలుకొట్టాలి. ఆ బులెటిన్ చదివే న్యూస్‌రీడర్ డబుల్ ఏజెంట్. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఇవాళ ఎటు ఉందో దేవుడికే తెలియాలి.”

ఏజెంట్ రిటచర్ భూతద్దం తీశాడు. ఈ ఉద్యోగానికి ముందు అతనిది మొహాలకి మెరుగులు దిద్దే ఫోటో స్టూడియో. ఆ పేరు అలా వచ్చిందే. వెలుగూ నీడా దేనికీ వంక పెట్టడానికి లేదు. కానీ గడ్డం దగ్గర భూతద్దం ఆగిపోయింది. గడ్డం నున్నగా ఉంది!

అక్క గడ్డం మీద వేలెడంత మచ్చ. చిన్నప్పుడు తమ్ముణ్ణి సైకిల్ వెనక ఎక్కించుకుని పడినప్పటిది. ఆవిడ ఉద్యోగం కార్డుకి ఫోటో తీసినప్పుడు, అందరి మొహాలకీ చేసినట్టే, అడగకుండానే నెగటివ్ మీద పెన్సిల్ గీసి దాన్ని మాయం చేశాడు. “నా మొహానికి లేని సిగ్గు నీకెందుకురా?” అని ఆవిడ వారంరోజులు మాట్లాడలేదు. ముఠా వెధవలు ఆ కార్డు ఫోటోనే కొట్టేసి ఎవరి ఒంటికో అతికించారు.

వెంటనే ఫోన్ చేశాడు. “అక్కా, మొహం కడుక్కుని టీవీ స్టేషన్‌కి రా. పౌడర్ వద్దు.”

“మళ్లీ ఏం వెలగబెట్టావురా?”

ఇంటికి పరుగెత్తి, అటకమీది పెట్టెలోంచి ఆ నెగటివ్ తీసి జేబులో వేసుకున్నాడు. తొమ్మిదీ యాభైకి మేకప్ రూములో దొంగ మీసంతో, తెల్ల ఏప్రన్‌తో న్యూస్‌రీడర్ వెనక నిలబడ్డాడు. అబ్బ, ఏం అందం!

“ఎడమవైపు నీడ పడుతోంది మేడమ్.”

అది కోడ్. ఆమె తాపీగా లిప్‌స్టిక్ పూర్తిచేసుకుంది.

“కుర్చీ జరుపుకుందాం,” అంది చివరికి.

అది సరైన జవాబే, ఇవాళ ఆమె మనవైపే. అతను ఓ పౌడర్ డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. మూత నొక్కితే కళ్లు మండించే పొడి చిమ్ముతుంది.

పది. తెరమీద ఫోటో. పక్కన నిపుణుడి వేషంలో ముఠా మనిషి. “పిక్సెల్ పిక్సెల్ చూశాను. నూటికి నూరుపాళ్లూ అసలైనదే.”

“అలాగా బాబూ?” అక్క సెట్ మీదికి నడిచొచ్చి కెమెరాకి గడ్డం చూపించింది. “మరి ఇదేమిటి?”

“ఇవాళ మేకప్‌తో పెట్టించుకుంది!”

మేకప్ మనిషి మీసం పీకేశాడు. మొహం బయటపడితే ఉద్యోగం గోవిందా. పోతే పోనీ! “ఆ మచ్చ చెరిపిన వెధవని నేనే! ఇదిగో నెగటివ్, ఇవిగో నా పెన్సిల్ గీతలు. మీరు దొంగిలించింది నేను చేసిన తప్పునిరా!”

నిపుణుడి చెయ్యి కోటులోకి వెళ్లింది. న్యూస్‌రీడర్ చిరునవ్వు చెదరకుండా డబ్బా మూత నొక్కింది. పిస్తోలు నేలమీద పడింది, వాడు కళ్లు నలుపుకుంటూ కూలబడ్డాడు.

పదకొండుకి అక్క గడ్డం ఎత్తుకునే సాక్ష్యం చెప్పింది.

“నీ మొహం ఊరూవాడా చూసేసింది. ఇక గూఢచారిగా పనికిరావు,” అన్నాడు చీఫ్.

“మంచిదే. స్టూడియో తెరవరా, నా కార్డుకి కొత్త ఫోటో కావాలి,” అంది అక్క, చెయ్యి చాపుతూ. “ముందు ఆ పెన్సిల్ ఇటివ్వు.”