గోడ మీది కాగితం

ఇటు జరిగి కూర్చోండమ్మా, మూతులకు గుడ్డలు కట్టుకుని తిరిగిన రోజుల ముచ్చట ఒకటి చెబుతాను. సూరత్‌లో మా పక్కింటి లింగమూర్తిది. కింద నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పైన కాపురం.

సిరిసిల్ల నుంచి వచ్చిన ఏడాదే లింగమూర్తి ఇంటి కట్టుబాట్లు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాడు. మొదటిదే, ‘ఆడపిల్ల సాంచాల దగ్గర అడుగు పెట్టరాదు.’ నలభై ఏళ్లలో ఒక్క అక్షరం మారలేదు.

ఆ రోజుల్లో ఒక ఉదయం నేను మజ్జిగ కోసం వెళ్లి గడపలోనే నిలబడిపోయాను. అతని మనవరాలు హారతి, డిగ్రీ చదివే పిల్ల, ఫోన్‌లో కాలేజీ చర్చ ముగిస్తోంది. రాజ్యాంగం కాలంతో పాటు మారాలా, రాసినట్టే ఉండాలా అని చర్చ. ఫోన్ పెట్టగానే తాత అందుకున్నాడు.

“మారాల్నంటివా? గంత పెద్దోళ్లు కూసోని రాసిందాన్ని ముట్టుడేంది బిడ్డా?”

“రాసినోళ్లే మార్చుకునే దారి పెట్టిన్రు తాతా. ఇప్పటికి వందకు పైనే మార్పులైనయి.”

“మార్చుకుంట పోతే ఆఖరికి ఏం మిగుల్తది?”

“మరి నీ కాగితం మారకపోతే మనకేం మిగుల్తది? సాంచాలు నడిపే కారీగర్లందరు ఊళ్లకు పోయిన్రు. నాన్నకు కరోనా తగ్గింది గని నాలుగు మెట్లు దిగితే ఆయాసం. నిన్న నువ్వే సాంచె కాడ కండ్లు తిరిగి పడ్డవ్. నన్ను కిందికి దిగనియ్యి.”

“నా పానం ఉండంగ కాదు!” లింగమూర్తి చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“ఆడపిల్లననే గదా?” అంది హారతి.

అప్పుడు వంటింట్లోంచి అతని భార్య పోశమ్మ వచ్చింది. “ఎందుకు రాసినవో చెప్పు. లేకుంటే నేనే చెప్త.”

అతను కాగితం వైపు తిరిగాడు. పోశమ్మే చెప్పింది.

“మీ తాతకు ఐలమ్మని చెల్లె ఉండె. పదహారేండ్లది, మోకాళ్ల దాక జడ. నడిచే సాంచె బెల్టుల గా జడ చిక్కింది. ఈయన ఉరికి ఆపేసరికే అయిపోయింది.”

హారతి వెళ్లి తాత కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె జడ నేలను తాకింది. అతను దాన్నే చూస్తున్నాడు.

“నువ్వు రాసింది బిడ్డ పానం కోసం,” అంది పోశమ్మ మెల్లగా. “అది ఎప్పటికీ ఉండాలె. కొత్త పడుగు ఎక్కిచ్చినప్పుడు పాతది మొత్తం గుంజి పారేస్తవా? ఒక్కో కొత్త పోగును పాత కొసకే ముడేస్తవ్ గద.”

లింగమూర్తి లేచాడు. పాత వాక్యం కొట్టేయలేదు. దాని కింద రాశాడు: ‘పని నేర్చి, జడ ముడి వేసుకున్న బిడ్డ దిగవచ్చు.’

“ఇటు తిరుగు,” అన్నాడు. లక్షల పోగులు అతికిన వేళ్లతో మనవరాలి జడను చుట్టి ముడి వేశాడు. విప్పాడు. మళ్లీ వేశాడు.

“గట్టిగుందా?”

“ఉంది తాతా.”

“ఆగు, ఇంకొక్కపారి విప్పి ఏస్త.” కన్నీళ్లతో అతనికి ముడి కనబడటం లేదు.

ఇంతే తల్లీ. రేపు మీ పిల్లలకు చెప్పేటప్పుడు కాగితం సంగతి చెప్పి ఊరుకోకండి. ఆ ముసలాయన మూడుసార్లు వేసిన ముడిని కూడా మరిచిపోకుండా చెప్పండి.