పాపకి జతపేరు

కొండ చాటున ఉన్న ఊరు. చలికాలం రెండు నెలలూ సూర్యుడు అటు తొంగి కూడా చూడడు. మధ్యాహ్నం మూడింటికే చీకటి. ఐస్‌లాండ్ పడమటి తీరంలో పుట్టినవాళ్ళకి అదేం వింత కాదు. దీపాలు వేసుకుని కాఫీ కాచుకుంటారు. పసిపిల్లల్ని ఉన్నిదుప్పట్లలో చుట్టి, పిల్లల బండిలో పెట్టి, పెరట్లో మంచుగాలికి నిద్రపుచ్చుతారు. యోరున్ కూడా ఆరువారాల కూతుర్ని కిటికీ కింద అలాగే పడుకోబెట్టి, ఏడిస్తే వినిపించే చిన్న పెట్టెని వంటింటి బల్ల మీద పెట్టుకుంది. పెట్టెలోంచి పాప ఊపిరి మెత్తగా వినిపిస్తోంది. ఇల్లంతా వెన్నా యాలకుల వాసన.

రేపే బాప్తిస్మం. అప్పటిదాకా పేరు బయటపెట్టకూడదని వాళ్ళ ఆనవాయితీ. మొదటి పేరు యోరున్‌కీ, చేపలవేటకి వెళ్ళిన మొగుడు కారికీ తప్ప మూడో మనిషికి తెలీదు. రెండో పేరే కుదిరి చావడం లేదు.

"మొదటి పేరు చెప్పవు, దానికి జతపేరు వెతకమంటావు. పిల్లని చూపించకుండా పెళ్ళికొడుకుని తెమ్మన్నట్టుంది!" అంది అత్తగారు హిల్మా, పెనం మీద అట్టు తిరగేస్తూ. "నా పేరు పెట్టెయ్, పీడా పోతుంది."

"మీ పేరు పెడితే పిల్లకి మీ నోరొస్తుందేమోనని భయం అత్తయ్యా."

ఇద్దరూ నవ్వారు. యోరున్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా... నాకు కల్లో ఎవరో కనిపిస్తున్నారు."

హిల్మా చటుక్కున తిరిగింది. కడుపుతో ఉన్నవాళ్ళకీ బాలింతలకీ పోయినవాళ్ళు కల్లో కనిపిస్తే, తమ పేరు పెట్టమని అడగడానికే వచ్చారని ఆ తీరంలో అందరి నమ్మకం. పెట్టకపోతే బిడ్డకి మంచిది కాదు.

"ఎవరే? పేరు చెప్పారా?"

"లేదు. మంచం కాళ్ళవైపు నిలబడతారు. నోరు తెరుస్తారు... మాట రాదు. ఒకటే మట్టివాసన."

"అయితే మా అమ్మే! పోయేముందు ఆవిడకి గొంతు పడిపోయింది కదా. ఇంకేం, రన్‌వెయిగ్ అని పెట్టు. నువ్వు దాచుకున్న పేరుకి నప్పుతుందో లేదో చూసుకో."

యోరున్ రెండు పేర్లూ కలిపి మనసులోనే పలికి చూసింది. బాగానే నప్పింది. అయినా గుండె కుదుటపడలేదు.

"మీ అమ్మగారు ఎంత పొడుగుండేవారు?"

"నాకంటే జానెడు పొడుగు. ఏం?"

"కల్లో వచ్చేది మంచం పట్టీ దాటదు అత్తయ్యా. మూడేళ్ళ పిల్లంత ఉంటుంది."

పెనం మీద అట్టు మాడుతోంది. హిల్మా చూసుకోలేదు. మూడేళ్ళ కిందట ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మం రెండ్రోజుల్లో ఉందనగా జ్వరమొచ్చి పోయింది. పేరు పెట్టని బిడ్డ కదా, సమాధిరాయి మీద 'మా కూతురు' అని మాత్రం చెక్కించారు.

"దానికి మీరేమైనా పేరు అనుకున్నారా?" హిల్మా మెల్లగా అడిగింది.

యోరున్ కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. "ఊనా అనుకున్నాం. ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి దాన్ని కూడా ఒక్కసారి అలా పిలవలేదు. ఆ పేరంటే నాకు ప్రాణం అత్తయ్యా. ఎవరూ వాడని పేరే కదా అని... ఈ పిల్లకి అదే పెడదామనుకున్నాం."

"ఎంత పని చేశావే తల్లీ!" అంది హిల్మా. "అది పేరు పెట్టమని రాలేదే. తన పేరు తను తీసుకుపోదామని వచ్చింది."

పెట్టెలో ఊపిరి ఆగింది.

మళ్ళీ మొదలైంది... ఈసారి ఒకటి కాదు. రెండు.

ఒకటి పాపది. ఇంకోటి తడిగా, బరువుగా... బండిలో పెట్టిన మైకుకి మూతి ఆనించినట్టు.

"ఊనా..." గుసగుస. పసిగొంతు. "నాది..."

యోరున్ చెప్పులైనా లేకుండా పెరట్లోకి పరిగెత్తింది. చీకటి. మంచు. గుప్పున మట్టివాసన. బండిలో దుప్పటి తొలగించి ఉంది. పాప ఒళ్ళు చల్లగా ఉంది... పెదాలు నీలం. ఊపిరి లేదు.

బిడ్డని గుండెకి అదుముకుని చీకట్లోకి గొంతు చించుకుని అరిచింది. "నీదే తల్లీ! పేరు నీదే, తీసుకో! దీన్ని నాకు వదిలెయ్!" అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది. మూడేళ్ళు కడుపులో దాచుకున్న పిలుపు దానంతటదే బయటికొచ్చేసింది. "ఊనా! నా బంగారు ఊనా! ఒక్కసారైనా నిన్ను పిలుచుకోలేదు కదే... రా, అమ్మ దగ్గరికి రా!"

చేతుల్లో పాప కదిలింది. కళ్ళు తెరిచింది. ఏడవలేదు. అమ్మ మొహంలోకి చూసింది.

మర్నాడు పాస్టరు గారు పాప నుదుట నీళ్ళు చల్లి, రన్‌వెయిగ్ హిల్మా అని పేరు పెట్టారు. "చివరికి నా పేరే జతపడింది చూశావా!" అని ముసలావిడ ఏడుస్తూనే నవ్వింది. కారి సమాధిరాయి మీద 'ఊనా' అని చెక్కించాడు. ఇక ఆ తల్లికి కల రాలేదు.

నెల తిరిగాక సూర్యుడు కొండ దాటి వచ్చాడు. ఊరంతా అట్లు పోసుకుని పండగ చేసుకుంటున్నారు. యోరున్ వంటింట్లో కూర్చుని ఒళ్ళో పాపని పిలిచింది. "రన్‌వెయిగ్! రన్‌వెయిగ్ తల్లీ!" పాప తిరగలేదు. ఎన్నిసార్లు పిలిచినా అంతే. చెవులు వినబడవేమోనని కారి అప్పటికే బెంగపెట్టుకున్నాడు.

యోరున్ అటూ ఇటూ చూసింది. వంగి, చెవిలో చెప్పింది. "ఊనా."

పాప టక్కున తిరిగి నవ్వింది.

అప్పుడే బల్ల మీది పెట్టె ఏడవడం మొదలుపెట్టింది. బ్యాటరీలు ఎప్పుడో తీసేసిన పెట్టె. ఆకలేసిన చంటిపిల్ల ఏడుపు... ఎక్కడో చలిలోంచి. యోరున్‌కి పాలు చేపుకొచ్చి చొక్కా తడిసింది. ఒళ్ళో పిల్ల నవ్వుతూనే ఉంది.

"రన్‌వెయిగ్...?" అని పిలిచింది పెట్టెవైపు.

ఏడుపు ఆగింది.