లాగితే ఊడే ముడి

"కొని నెల కూడా కాలేదండి. నీళ్లు దిగవు, డ్రమ్ము తిరగదు. బట్టలు కాలవలోంచి తీసినట్టు తీస్తున్నాం. ఇదేనా మీ కంపెనీ?"

గుమ్మంలో రెయిన్‌కోటు విప్పుతున్న యుగంధర్, అశ్విని విసుర్లన్నీ బుద్ధిగా విన్నాడు. "కంపెనీ నాది కాదండి. పాలకొల్లు సర్వీస్ సెంటర్‌లో మెకానిక్‌ని. లోపలికి రావచ్చా?"

అశ్వినికి నవ్వొచ్చింది. ఆపుకుంది. టీచరుగా తొలి జీతాలు దాచి, మామ్మ కోసం కొన్న వాషింగ్ మిషన్ అది. యాభై ఏళ్లు వలలు అల్లిన మామ్మ వేళ్లు ఇప్పుడు బట్టలు పిండలేకపోతున్నాయి.

యుగంధర్ మిషన్ జరిపి వెనక్కి తొంగిచూశాడు. నీళ్లు పోయే పైపు కింద ఉండాల్సింది, కిటికీ ఊచకి ఎత్తి కట్టి ఉంది. వల దారంతో.

"ఇదెవరు కట్టారండి?"

"నేనే," అంది మామ్మ పెద్దింట్లమ్మ మంచం మీంచి గర్వంగా. "వరదొస్తే గోదారి ఆ గొట్టంలోంచి ఇంట్లోకి ఎక్కదా? పోయినేడు బాత్రూంలోంచి ఎక్కలేదా?"

"పైపు పైకుంటే మిషన్లో నీళ్లు బయటికి పోవండి మామ్మగారూ. అవి పోతేగానీ స్పిన్ తిరగదు."

ముడి విప్పబోయాడు. గోళ్లు నొప్పెట్టాయిగానీ ముడి కదల్లేదు. చివరికి బ్లేడు తీశాడు.

"నా ముడి విప్పడం చేపల వల్లే కాలేదు, నీవల్ల అవుద్దా బాబూ?" అంది మామ్మ.

పైపు దించగానే నీళ్లు బుడబుడా పోయాయి. డ్రమ్ము గిర్రున తిరిగింది. పని అయినట్టు ఫోన్‌కి వచ్చిన ఓటీపీని అశ్విని ఒక్కో అంకె ఆపి ఆపి చెప్పింది. ఆఖరి అంకెకి ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూసుకున్నారు.

పదిరోజులకి మళ్లీ కంప్లైంట్. మళ్లీ వాన, మళ్లీ యుగంధర్, మళ్లీ ఊచకి పైపు.

"మళ్లీ కట్టేశారా మామ్మగారూ?"

మామ్మ నోరు తెరిచేలోగా అశ్విని అందుకుంది. "మామ్మకి మతిమరుపండి."

వీధిలో అందరి పెళ్లిరోజులూ నోటికి చెప్పే మామ్మ మనవరాలి వంక ఒక్క చూపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యుగంధర్ ఈసారి బ్లేడు తియ్యలేదు. దారం వైపు కాసేపు చూసి, కొస పట్టుకుని లాగాడు. ఆ దారాన్ని జేబులో వేసుకుని, ఇచ్చిన టీ చల్లారేదాకా తాగాడు. పెనుగొండలో అమ్మా తనూ ఉంటామనీ, అమ్మకి మందులూ ఇంటద్దే ఈ ఉద్యోగం మీదేననీ చెప్పాడు.

మూడోసారి కంప్లైంట్ పెట్టిన గంటకి సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది.

"సారీ మేడం. వేరే మెకానిక్‌ని పంపుతున్నాం. ఒకే మిషన్ మీద మూడు కంప్లైంట్లు వచ్చాయిగా, యుగంధర్‌ని పనిలోంచి తీసేస్తున్నారు."

అశ్విని ఊచకి కట్టిన పైపు వంక చూసింది. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే అతని అన్నం పోతుంది.

"ఆయన తప్పేం లేదండి. పైపు నేనే కట్టాను. రెండోసారీ, ఇప్పుడూ."

"ఎందుకు మేడం?"

మంచం మీద మామ్మ వత్తి చేస్తున్న చెయ్యి ఆపింది.

"కడితే... ఆయన వస్తారని."

అవతలి గొంతు తగ్గింది. "మేడం, ఈ కాల్ రికార్డవుతోందండి."

"అవ్వనివ్వండి. అదే మీ పెద్దసార్‌కి వినిపించండి."

సాయంత్రం బండి ఆగింది. యుగంధర్ చేతిలో పనిముట్ల సంచి లేదు.

"ఉద్యోగం ఉందండి," అన్నాడు గుమ్మంలోనే. "మీ మాటలు ఆఫీసంతా విన్నారు. మా సార్ రెండుసార్లు విన్నారు."

అశ్విని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "క్షమించండి. మీకింత ముప్పొస్తుందని తెలీదు."

"నాకు తెలుసండి."

ఆమె వేళ్ల సందుల్లోంచి చూసింది. అతను జేబులోంచి దారం తీశాడు.

"మామ్మగారి ముడి కొయ్యాల్సొచ్చింది. ఇది కొస లాగితే ఊడొచ్చింది. నా గోళ్లు నొప్పెట్టకూడదనుకున్న వాళ్లెవరో కట్టారని అప్పుడే అర్థమైంది."

"మరి అడగలేదేంటండి?"

"అడిగితే కట్టడం మానేస్తారేమోనని."

బయట వాన జోరందుకుంది. ఇద్దరూ ఆ దారం వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఏమే, నాకు మతిమరుపన్నావు కదూ," అంది మామ్మ. "అయితే మర్చిపోకముందే అడగనియ్యి. బాబూ, మీ అమ్మ పేరేంటి?"

"దేవకుమారి అండి."

"ఆదివారం తీసుకురా. కొరమేను పులుసు పెడతాను. ఆ దారం ఇలా తే."

మామ్మ దారాన్ని వేలికి చుట్టి, కొస చూసి పెదవి విరిచింది.

"ఇదీ ఒక ముడేనా! రావే, కూచో. ఊడకుండా ఎలా కట్టాలో నేర్పుతాను."