గడప దగ్గర చెప్పే మాట

మొదటి రోజే స్నిగ్ధ మేడంతో నాకు గొడవైంది.

బెంగళూరులో ఒక యూనివర్సిటీలో పీజీ సీటు కోసం ఎంట్రెన్స్ రాయాలని సిరిసిల్ల నుంచి వచ్చి, కరీంనగర్ మంకమ్మతోటలో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. ఇంగ్లిష్ పేపర్‌లో నోట్స్ ప్రశ్నలని కొన్ని ఉంటాయి. ఎవరో స్టూడెంట్ ఒక విషయం మీద రీసెర్చ్ చేసి రాసుకున్న పాయింట్లు ఇస్తారు. వాటితో అతను ఏం చెప్పాలనుకుంటున్నాడో, అంటే అతని గోల్ ఏమిటో, కింద ఉంటుంది. పాయింట్లను కలిపి ఆ గోల్ సాధించే వాక్యం ఏదో నాలుగు ఆప్షన్లలో పట్టుకోవాలి. ఇంతే. ఈ ఇంతలోనే నా తల తిరిగిపోయేది.

ఆ రోజు బోర్డు మీద నిర్మల్ బొమ్మల గురించి, కరీంనగర్ వెండి తీగ పని గురించి పాయింట్లు ఉన్నాయి. రెండింటికీ ఉన్న పోలిక చూపించాలన్నది గోల్. నేను లేచి గట్టిగా 'సి' అన్నాను. అందులో పొణికి కర్ర, రంగులు, వెండి తీగ, ఊళ్ల పేర్లు అన్నీ ఉన్నాయి. పోలిక ఒక్కటే లేదు.

తప్పు అంది స్నిగ్ధ మేడం. నాకు పౌరుషం వచ్చింది.

"అండ్ల ఒక్క అబద్ధం లేదు గద మేడం."

"నాలుగింట్ల దేంట్లనూ లేదు. నిజమైతె సరిపోదు సాయిచంద్ గారు, అడిగింది చెప్పాలె."

క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. నా వయసే ఉంటుంది, పీజీ అయ్యి ఏడాది కూడా కాలేదట, అయినా నవ్విన వాళ్లను ఒక్క చూపుతో కూర్చోబెట్టింది. నాకు కోపం సగం అక్కడే పోయింది.

క్లాసయ్యాక పిలిచి, నా పేపర్ చూసి, ప్రతి ప్రశ్నకూ అన్నిటికంటే పొడుగు ఆప్షనే ఎందుకు పెట్టారని అడిగింది. ఎవరూ నన్ను అలా అడగలేదు. తప్పు అని కొట్టేయడమే తప్ప, ఎందుకు తప్పుపోతున్నానో ఎవరికి కావాలి? నేను ఆలోచించి నిజం చెప్పాను. మా ఇంట్లో సాంచెలు నడుస్తాయి, అదే, మరమగ్గాలు. బాపు దారం ముక్క కూడా పారేయడు, ముడేసి వాడతాడు. ఒక పాయింట్ వదిలేయాలంటే నాకు చెయ్యి రాదు.

ఆమె నా పేపర్ తన వైపు తిప్పుకుని అడిగింది. "మరి చీర నేసేటప్పుడు ఇంట్ల ఉన్న రంగులన్ని ఒక్క చీరలనే ఏస్తడా మీ బాపు?"

"ఎందుకేస్తడు మేడం? ఆ చీరకు పనికిరాని దారం కండెలు పక్కకు పెడ్తడు."

"పాయింట్లు గూడ గంతే. పారేస్తలేరు, పక్కకు పెడ్తున్నరు."

అని, నా పేపర్ మీద పాయింట్లన్నిటినీ అరచేత్తో కప్పేసింది. కింద గోల్ ఒక్కటే కనబడుతోంది. ముందు ఇది చదవండి, చెయ్యి తర్వాత తీస్తానంది. ఆ రోజు నేను గోల్ చదివానో, ఆమె వేళ్లకు అంటిన మార్కర్ ఇంకు చూశానో చెప్పడం కష్టం. కానీ ఆన్సర్ మాత్రం కరెక్టయింది.

తర్వాత కరెక్టు కావడం నాకు అలవాటైంది. ఆమెను చూస్తూ ఉండిపోవడం కూడా. ఎవరు ఏ తప్పు పెట్టినా ఆ తప్పు ఎందుకు నచ్చిందో ముందు కనుక్కునేది. అంత తెలివి ఉండీ దాన్ని ఎవరి నెత్తినా మొట్టడానికి వాడని మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇక ఇష్టమని ఆమెకు చెప్పాలి. అక్కడే వచ్చింది చిక్కు.

మా వైపు ఒక పద్ధతుంది, మా ఇంట్లో అయితే మరీ. ఏ పని మీద ఎవరింటికి వెళ్లినా ముందు వానల సంగతి, తర్వాత ఆరోగ్యాలు, ఆ తర్వాత టీ. అసలు మాట వచ్చేది లేచి చెప్పులు వేసుకునేటప్పుడే, గడప దగ్గర. కూర్చోగానే పని చెబితే దానికోసమే వచ్చినట్టుంటుందని బాపు అంటాడు. దానికోసమే వెళ్తాడు, అది వేరే సంగతి.

నేనూ ఆ ఇంటి బిడ్డనే. ఒక వాన సాయంత్రం బస్టాండ్‌లో ఆమె గొడుగు కింద నిలబడి, మానేరు నిండిన సంగతి, సిరిసిల్ల బస్సులు లేటు కావడం, వాళ్ల అమ్మగారి మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడాను. గోల్ ఏందని ఆమె నవ్వుతూ అడిగింది కూడా. బస్సొచ్చింది. ఫుట్‌బోర్డు ఎక్కి, అప్పుడు నోరు తెరిచాను. కండక్టర్ రైట్ రైట్ అన్నాడు. నా మాట బస్సుతో పాటు వేములవాడ దాకా పోయింది.

మరునాడు ఆమె, నిన్న ఏదో అన్నారు, వినబడలేదు అంది. ఏం లేదన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూశాక నా మీద నాకే అసహ్యమేసింది.

ఎంట్రెన్స్‌లో సీటు వచ్చిన రోజు స్వీట్ బాక్స్‌తో వెళ్లి, మూత కూడా తీయకుండా చెప్పేశాను. "మీరంటే నాకు ఇష్టం. పెండ్లి చేసుకుందాం."

ఆమె కళ్లు తడి అయ్యాయి, నవ్వింది. "ఇప్పుడు రైట్. ఇగ నుంచి నన్ను నువ్వు అను. గని ఒక్కటి, మా బాపును కాదని నేను రాను. ఆయన ఒప్పుకోవాలె."

వాళ్ల బాపు లక్ష్మణ్‌రావు గారు వకీలు. భూములున్న ఇల్లు. మా బాపుతో చెబితే, వాళ్లెక్కడ, సాంచెలోళ్లం మనమెక్కడ అని దిగులుపడ్డాడు. అయినా తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందే బస్సెక్కాడు.

లక్ష్మణ్‌రావు గారు కోటు వేసుకుని కోర్టుకు బయల్దేరుతున్నారు. కూర్చోమని, ఏం పని మీద వచ్చారని అడిగారు. బాపు తన పేరు కైలాసం అని చెప్పి, వానల దగ్గర మొదలుపెట్టాడు. నాట్లకు వచ్చాడు. ఆరోగ్యాలకు వచ్చాడు. లక్ష్మణ్‌రావు గారు గడియారం చూశారు, మళ్లీ చూశారు. ఎవరిదైనా కేసా, సిఫార్సు ఏమైనా కావాలా అన్నారు. బాపు కొండగట్టు తోవ సంగతి ఎత్తుకున్నాడు. ఆయన ఇంకో నిమిషంలో లేచి వెళ్లిపోతారు. రేపు నేను బెంగళూరు వెళ్లిపోతాను. అంతే సంగతులు.

స్నిగ్ధ టీ కప్పులు బల్ల మీద పెట్టింది. మేం తెచ్చిన స్వీట్ బాక్స్ మీద, ఆ రోజు నా పేపర్ మీద పెట్టినట్టే, అరచెయ్యి పరిచి అలాగే ఉంచింది. నా వైపు చూడలేదు.

నాకు వెన్ను నిటారైంది. "మీ స్నిగ్ధను నాకిచ్చి పెండ్లి చెయ్యమని అడుగుదామని వచ్చినం సార్. ఆమెకు గూడ ఇష్టమే."

బాపు చేతిలో కప్పు ఆగిపోయింది. లక్ష్మణ్‌రావు గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "మా బిడ్డనే ఎందుకు?"

సీటు వచ్చింది, అప్పుల్లేవు, చెడు అలవాట్లు లేవు. అన్నీ నిజాలే. అన్నిటినీ పక్కకు పెట్టాను.

"నేను తప్పు వోతే అందరు నవ్విండ్రు సార్. ఎందుకు తప్పు వోతున్ననో అడిగింది ఒక్క ఈమెనే. గసొంటి మనిషి పక్కన నేను బాగుపడ్త. ఆమెను గూడ నేను గట్లనే చూసుకుంట."

ఆయన కూతురి వైపు తిరిగి, నువ్వేమంటావన్నట్టు చూశారు.

"కరెక్టే చెప్పిండు బాపు," అంది స్నిగ్ధ.

ఆయన ఔననలేదు, కాదనలేదు. కోర్టుకు టైమైందన్నారు. బాపు మెల్లగా లేచాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే తోలు పట్టీలో వేలు దూరడం లేదు. వెనక తలుపు దగ్గర స్నిగ్ధ కూడా తల దించుకునే ఉంది.

"కైలాసం గారు," అని వినబడింది.

లక్ష్మణ్‌రావు గారు గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనా మా వైపు మనిషే కదా.

"మంచిరోజు చూసుకొని, చెల్లెమ్మను గూడ తీస్కొని రాండ్రి. తాంబూలాలు తీసుకుందాం."