చుక్క కోసం ఆర్పిన దీపాలు

ముత్తప్ప చేతిలోని చేమంతి కొమ్మను నడింట్లో భార్య కెంచమ్మ ముందు పడేశాడు. జానెడైనా ఎదగని కొమ్మ... దాని తలపై అప్పుడే మొగ్గ! ఉగాదికి కోతకు రావలసిన తోట ఇప్పుడే మొగ్గ తొడిగితే ఇంకేముంది? పొడుగాటి కొమ్మకు పెద్ద పువ్వు ఉంటేనే బెంగళూరు వ్యాపారి ముట్టుకుంటాడు. ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్ అంతా ఇదే తీరని చెప్పి ఆయన గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. అరవలేదు. అరిచి ఉంటే వంటింటి గడప దగ్గర నిలబడిన తమ్ముడి పెళ్ళాం త్రివేణికి కాస్త తేలికగా ఉండేదేమో!

"రాత్రిళ్ళు లైట్లు వెలగకుంటేనే సామంతి ఇట్ల చేస్తుంది. స్విచ్చి వేసేది నువ్వు మరిచిపోయినావు," అన్నాడు చివరికి.

కెంచమ్మ ఆ కొమ్మను చేతిలోకి తీసుకుంది. దినమూ పడుకోబోయే ముందు లైట్ల స్విచ్చి వేయడం ఆమె పని. తెల్లవారుజామున అవి వాటంతటవే ఆరిపోతాయి. "వేసినట్టే గురుతుందే నాకు..." అంది. ఆ మాట అంటూ ఉండగానే ఆమె ముఖంలోకి ఏదో భయం వచ్చి చేరింది. "మా అమ్మ కూడా ఇట్లనే అంటా ఉండె," అంది మెల్లగా. చివరి రోజుల్లో కన్నబిడ్డలను కూడా గుర్తుపట్టకుండా పోయిన తల్లి ఆమెది. త్రివేణి అప్పుడే చెప్పి ఉండవలసింది!

ఆ లైట్లు ఆర్పింది తనే మరి!

త్రివేణి మొగుడు అనంతకుమార్ ముత్తప్పకు తమ్ముడు. పాలు మరవని వయసులో తల్లి పోతే, కొత్తగా కాపురానికొచ్చిన వదిన కెంచమ్మే చంకనెత్తుకుని పెంచింది. ఇప్పుడతను హోసూరులో ఫ్యాక్టరీకి పోయి వస్తాడు. మిగిలిన ప్రాణమంతా మిద్దె మీదే! అక్కడ తన చేతులతోనే ఒక గది కట్టుకున్నాడు. దాని రేకుల కప్పు గేటులాగా పట్టాల మీద పక్కకు జరుగుతుంది. లోపల టెలిస్కోపు, దానికి బిగించిన కెమెరా. అందరూ చూసే చందమామా శనిగ్రహమూ అతనికి అక్కర్లేదు. నెప్ట్యూన్ కూడా దాటి, సూర్యుడి వెలుగు సరిగా అందని చోట తిరిగే ఒక మంచుముద్ద కావాలి! దాన్ని ఏ కంటితోనూ చూడలేము. ఆకాశంలో ఒకే చోటును చాలా రాత్రులు ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే చుక్కలన్నీ కదలకుండా ఉంటాయి... ఒక్కటి మాత్రం ఇంచుక జరిగి ఉంటుంది. అదేనట! మూడు చలికాలాలుగా ఆ ఒక్క చుక్క కోసం అతను పడ్డ పాట్లు చూసి, త్రివేణికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఉక్రోషమొచ్చింది, ఆఖరుకు ఆ చుక్క మీద తనకూ ఆశ పుట్టింది. పెళ్ళాం అంటే అంతే కదా!

ఈ ఏడు అన్న ముత్తప్ప టమోటా మాని చేమంతి పెట్టాడు. పాలీహౌస్ నిండా బల్బులు వేలాడాయి. జవళగిరి అడవి అంచున అంతవరకూ కాటుకలా ఉన్న ఆకాశం తెల్లబారిపోయింది. ఫొటోలన్నీ పాలు కలిపినట్టు! కొన్ని రాత్రులు లైట్లు ఆర్పమని అన్నను అడుగుదామని త్రివేణి అంటే, అన్నం పెట్టే తోట అది, నోరెత్తొద్దని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత సరిగా తినడం మానేశాడు.

అమావాస్య దగ్గరపడింది. అందరూ పడుకున్నాక ఆమె వెళ్ళి లైట్లు ఆర్పింది. ఒక్క రాత్రితో ఆగలేదు, చందమామ మళ్ళీ పెరిగేదాకా ఆర్పుతూనే ఉంది. తోట లైనుకు కరెంటు లేదంట అని మొగుడికి చెప్పింది. ఆమె పుట్టిల్లు వేప్పనపల్లి, మామిడితోటల ఊరు. చేమంతి సంగతి ఆమెకేం తెలుసు! ఏనుగులు రాకుండా రాగిచేల దగ్గర దీపాలు కట్టడం ఇక్కడికొచ్చాక చూసింది. ఈ బల్బులూ అందుకే అనుకుంది, ఈ ఏడు ఏనుగుల మంద వేరే వైపు పోయింది కాబట్టి ఆర్పినా నష్టం లేదనుకుంది. రాత్రి పొడుగని తెలిస్తే చేమంతి మొగ్గ వేస్తుందని, అది తెలియకుండా మొక్కను మోసం చేయడానికే ఆ దీపాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలియనివాళ్ళు ఇంట్లో ఉన్నారని ఎవరికి తోస్తుంది?

చుక్క దొరికింది. లాప్‌టాప్‌లో అది కదలడం చూపిస్తూ అనంతకుమార్ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ రోజు తనంత అదృష్టవంతురాలు లేదనుకుంది త్రివేణి!

ఇప్పుడో... కెంచమ్మ తనను తాను నమ్మడం మానేసింది. మేకల దొడ్డి తలుపు వేసి వచ్చి, మళ్ళీ పోయి చూసి వచ్చేది. స్నానం చేసినానా అని తడి జుట్టుతోనే అడిగేది. ఊళ్ళో మాట కలపడానికి భయపడి బయటికి పోవడం మానేసింది. నవ్వుతూ నలుగురినీ ఆటపట్టించే మనిషి, ఎవరేమడిగినా ముందు మొగుడి ముఖం చూసి జవాబు చెబుతోంది! త్రివేణి చూస్తూనే ఉంది. రేపు చెబుతాననుకునేది. పొద్దున బావ వాడిపోయిన ముఖం చూసి నోరు మూసుకునేది. తప్పు తెలియక చేసింది, నిజమే... ఈ మౌనం మాత్రం తెలిసి చేస్తున్నదే కదా! అనంతకుమార్ కూడా ఎందుకో మిద్దె ఎక్కడం మానేశాడు. మొగుడూ పెళ్ళాం ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం లేదు.

చివరికి ముత్తప్ప భార్యను బెంగళూరులో మతిమరుపు డాక్టరుకు చూపించడానికి ఏర్పాటు చేశాడు. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం కెంచమ్మ చీరలు సంచిలో సర్దుకుంటూ త్రివేణిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను కూడా మా అమ్మ మాదిరి అయిపోతే, మీ బావకు చాతకాదమ్మా. నువ్వే నన్ను చూసుకోవల్ల. నువ్వెవరని నేను అడిగినా నొచ్చుకోవద్దు. నీ మీదే నా నమ్మకం," అంది.

త్రివేణి కట్టలు తెగినట్టు ఏడ్చింది. ఇంక ఆగడం ఆమె వల్ల కాలేదు.

"నువ్వు మరిచిపోలేదక్కా... ఒక్క దినం గూడా మరిచిపోలేదు. నువ్వు వేసి పోయినాక నేను ఆర్పేసినాను. ఆయన ఫొటోల కోసరం. ఏనుగులకని అనుకుంటిని అక్కా, పూలకని తెలియదు..."

కెంచమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "నిజంగా నేను వేసినానా?" అని అడిగింది. వేసినావని త్రివేణి చెప్పింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. పోయిన పంట గురించి ఒక్క మాట లేదు! చీరలో ముఖం దాచుకుని, తన బుద్ధి తనకు తిరిగి దక్కినందుకు కెంచమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూడటం కంటే నాలుగు చెంపదెబ్బలు నయమనిపించింది త్రివేణికి. కాళ్ళు పట్టుకోబోయింది. కెంచమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఏడుపు విని అన్నదమ్ములిద్దరూ లోపలికొచ్చారు. త్రివేణి బావ ముందు కూడా అదే చెప్పి, తప్పంతా తనదేననీ, తన మొగుడికి ఏమీ తెలియదనీ అంది. అనంతకుమార్ తల దించుకున్నాడు.

"నాకు తెలుసు, వదినా," అన్నాడు. "కరెంటు లేదని ఇది చెప్పె. మిద్దె మీద నుంచి చూస్తే పక్క తోటలో లైట్లు వెలగతా ఉండె. రెండూ ఒకే లైను. పూలు ఏమైతాయో గూడా నాకు తెలుసు. ఇంకొక్క రాత్రి, ఇంకొక్క రాత్రి అని ఊరకుంటిని."

త్రివేణి నివ్వెరపోయింది. ఇన్నాళ్ళూ తను ఒంటరిగా మోస్తున్నాననుకున్నది అతను కూడా మోస్తూ, పెంచిన తల్లి కుంగిపోతుంటే అలా చూస్తూ ఉన్నాడన్నమాట!

"ఇద్దరూ నా ఇల్లు వదిలి పోండప్పా," అన్నాడు ముత్తప్ప. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

కెంచమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. చాలా రోజులకు ఆమె ఎవరి ముఖమూ చూడకుండా సొంతంగా మాట్లాడింది.

"యాడికీ పోవద్దు. పోతే వీళ్ళకు సులువైపోతుంది. ఈడనే ఉండి, దినమూ నా ముఖం చూడనీ."

ఆ రాత్రి సంగటి ఆమే కెలికింది. నలుగురికీ వడ్డించింది. త్రివేణి కంచంలో ముద్ద పెట్టి, పక్కన వేడివేడి ఉలవచారు పోసి, ఎప్పటిలాగే ఇంకొంచెం వేసింది. క్షమించానని మాత్రం అనలేదు. ఆ ముద్దను త్రివేణి ఏడుస్తూనే తింది.